బంతి ఏ అక్షరం మీద ఆగాలి? యానిమేషన్ చిత్రాల పిల్లల పాటల వీడియోలు – తెలుగు మాత్ర

వ్యాససంగ్రహం

యానిమేషన్ చిత్రాల పాటలను తెరమీద అక్షరాలతో చూపుతూ పిల్లలచేత పాడించే ఇంటి వీడియోలు ఆంగ్లంలో రూపుదిద్దుకున్న ప్రక్రియ. పాట వెంట బంతి గెంతే తీరు, పదం రంగు మారే తీరు ఆ భాష లయకు తగినట్లు ఏర్పడ్డాయి. ఆ పద్ధతినే తెలుగు లిపికి అతికించినప్పుడు చెవి వినే మాత్రకూ కన్ను చూసే అక్షరానికీ పొంతన కుదరడం లేదు. అనువాద గీతాలలో హ్రస్వాలు దీర్ఘాలు కావడంతో ఈ లోపం ఇంకా పెరుగుతోంది. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతానికి పాటను పుస్తకంతో కలిపి చదువుకున్న అలవాటు ఉంది. ఆ నేపథ్యంలో ఈ లోపాన్ని పరిశీలించి, గురులఘు విభజనలోనే దానికి పరిష్కారం ఉందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వెంటపాట, యానిమేషన్ గీతం, మాత్ర, గురులఘువులు, డబ్బింగ్ పాట, బాలసాహిత్యం, తెనాలి.

ప్రవేశిక

తెరమీద అక్షరాలు, వాటిపై గెంతే బంతి, హాలంతా ఒక్క గొంతుతో పాడటం మూకీల కాలంలోనే మొదలయ్యాయి. అమెరికాలో మాక్స్ ఫ్లైషర్, డేవ్ ఫ్లైషర్ సోదరులు 1924 నుంచి 1927 వరకు తీసిన చిన్న యానిమేషన్ చిత్రాలలో ఈ గెంతే బంతి ప్రసిద్ధమైంది. అప్పటి ప్రేక్షకులు పెద్దవాళ్ళు. చదవడం వచ్చినవాళ్ళు. వాళ్ళకు బంతి తాళం చూపే సాధనమే గాని అక్షరాలు నేర్పే సాధనం కాదు. డిస్నీ సంస్థ 1986లో ప్రారంభించిన సింగ్-అలాంగ్ వీడియో క్యాసెట్లతో ఈ ప్రక్రియ ఇంట్లోకి వచ్చింది, చదవడం ఇంకా రాని పిల్లల ముందు నిలిచింది. బంతి స్థానంలో మికీ మౌస్ తల గుర్తు పదాల మీద గెంతింది. 2014లో ‘ఫ్రోజెన్’ చిత్రాన్ని ఇదే పద్ధతిలో మళ్ళీ థియేటర్లకు తెచ్చినప్పుడు గెంతినది మంచురేకు. గుర్తులు మారాయి, సూత్రం మారలేదు.

సింగ్-అలాంగ్ అనే మాటకు తెలుగులో స్థిరపడిన పేరు లేదు. పంతులు పాడితే పిల్లలు వెంట పాడటం మన బడులలో పాత పద్ధతి కనుక ఈ వ్యాసంలో దీనిని ‘వెంటపాట’ అని వ్యవహరించడం జరిగింది. నేడు తెలుగు పిల్లలు చూసే వెంటపాటలు రెండు రకాలు. బెంగళూరు, చెన్నై వంటి నగరాలలోని సంస్థలు యానిమేషన్‌తో తయారుచేసే బాలగేయాలు ఒకటి. తెలుగులోకి డబ్బింగ్ అయిన యానిమేషన్ చిత్రాల పాటలు రెండవది. మొదటి రకంలో పాట మనది, పద్ధతి అరువు. రెండవ రకంలో పాటా అరువే, పద్ధతీ అరువే. ఈ పరిశీలన ప్రధానంగా రెండవ రకాన్ని గురించినదే అయినా అక్షరం నడక విషయంలో మొదటి రకానికీ ఇదే ప్రశ్న వర్తిస్తుంది.

పాట పక్కన పుస్తకం

తెనాలి గుంటూరు జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనతో బాపట్ల, రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్ళాయి. పాలనాపరంగా గీత పడినా పాట విషయంలో ఈ మూడు ఊళ్ళూ ఒకే ప్రాంతం. స్థానం నరసింహారావు పుట్టింది బాపట్లలో. ఈలపాట రఘురామయ్య పుట్టింది గుంటూరు జిల్లా సుద్దపల్లిలో. పద్యనాటకం చూడటానికి పోవడం కంటే వినడానికి పోవడమే ఇక్కడ ఎక్కువ. నచ్చిన పద్యాన్ని మళ్ళీ పాడించుకోవడం, నాటకం పుస్తకం కొని ఇంటి దగ్గర అదే వరుసలో చదువుకోవడం ఆనాటి శ్రోతకు అలవాటు. తరువాత సినిమా వచ్చింది. హాలు దగ్గర కొన్న పాటల పుస్తకం ఆ అలవాటును కొనసాగించింది. నాలుగైదు రేకుల ఆ చిన్న పుస్తకం నిజానికి వెంటపాటకు తెలుగు రూపమే.

అయితే అందులో ఒక కీలకమైన భేదం ఉంది. పాటల పుస్తకంలోని అక్షరం చదివేవాడి కోసం ఆగుతుంది. వరుస అప్పటికే చెవిలో ఉంటుంది. పాఠకుడు తనకు తోచిన వేగంతో అక్షరాన్ని ఆ వరుసతో సరిచూసుకుంటాడు, తప్పుగా విన్న మాటను దిద్దుకుంటాడు. వీడియోలోని అక్షరం ఆగదు. అది పాటతో పాటు వచ్చి, పాటతో పాటే పోతుంది. కాబట్టి అది సరైన క్షణంలో కనబడటం తప్పనిసరి. పుస్తకానికి లేని కాలధర్మం వీడియోకు ఉంది. ఈ ప్రక్రియను అంచనా వేయడానికి ఇదే సరైన కొలబద్ద. బొమ్మల అందం, రంగుల మెరుపు ఆ తరువాతి సంగతులు.

పిల్లల చదువు గురించి ఈ ప్రాంతం చేసిన ఆలోచన చిన్నది కాదు. ‘చందమామ’ను 1947 జులైలో నాగిరెడ్డితో కలిసి ప్రారంభించిన చక్రపాణి తెనాలివాడు. 1952 నుంచి 1980 వరకు ఆ పత్రిక సంపాదక బాధ్యత వహించిన కొడవటిగంటి కుటుంబరావు తెనాలివాడు. పిల్లవాడు తడుముకోకుండా చదవగల వాక్యం ఎలా ఉండాలన్న ప్రశ్నకు వారు నెలనెలా జవాబు చెప్పారు. తెనాలి ప్రాంతానికి చెందిన గ్రంథాలయోద్యమకారుడు వెలగా వెంకటప్పయ్య బాలసాహిత్యాన్ని పరిశోధనాంశంగా నిలబెట్టారు. అచ్చు విషయంలో ఇంత పట్టింపు చూపిన భాషలో తెరమీది అక్షరాన్ని విమర్శకులు ఇంతకాలం పట్టించుకోకపోవడం ఆశ్చర్యం కలిగిస్తుంది. పిల్లల వీడియో అనగానే అది సాహిత్య విమర్శ పరిధిలోకి రాదనే చులకనభావం దీనికి ఒక కారణం కావచ్చు.

అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది?

ఆంగ్లగీతం ఊనిక మీద నడుస్తుంది. ఊనిక పడిన చోట బంతి గట్టిగా పడుతుంది, మిగిలినవి దొర్లిపోతాయి. తెలుగుపాట మాత్రల మీద నడుస్తుంది. హ్రస్వానికి ఒకటి, దీర్ఘానికి రెండు, సంయుక్తాక్షరానికి ముందున్న హ్రస్వానికీ రెండు. పాఠశాలలో గణవిభజన చేసిన ప్రతి విద్యార్థికీ తెలిసిన ఈ లెక్కే ఇక్కడ అవసరం.

ఉదాహరణకు ‘చెట్టున పిట్టలు’ అనే రెండు మాటలను తీసుకోవచ్చు. ఒక్కొక్క మాట నాలుగు మాత్రలు, చతురస్రగతికి చక్కగా సరిపోతుంది. ‘చె’ గురువు, ‘ట్టు’ లఘువు, ‘న’ లఘువు. గొంతు పలికే విభజన వేరు: చెట్ – టు – న. రాతలో ద్విత్వం మొత్తం రెండవ అక్షరానికి చేరింది. పలుకులో దాని మొదటి సగం మొదటి అక్షరానికి చెందింది. ఇప్పుడు రంగు ఎడమనుంచి కుడికి సమానవేగంతో పాకితే ఏమవుతుంది? ‘చె’ మాటలో ఇంచుమించు మూడోవంతు స్థలం ఆక్రమిస్తుంది, కాని సగం కాలం తీసుకుంటుంది. రంగు ‘ట్టు’ మీదికి చేరేసరికి గొంతు ఇంకా ‘చెట్’ దగ్గరే ఉంటుంది. కన్ను ముందు పరుగెత్తుతుంది, చెవి వెనకబడుతుంది. ఒక్క మాటలో ఈ తేడా స్వల్పమే. కాని తెలుగు బాలగేయమంటేనే ద్విత్వాల రాశి. అమ్మ, బువ్వ, గువ్వ, పిట్ట, చెట్టు, బొమ్మ, అక్క, తాతయ్య. పిల్లవాడి మొదటి మాటలన్నిటిలోనూ ఈ ఎడం వస్తుంది.

దీనికి లిపి స్వభావం కూడా తోడవుతుంది. ‘ట్టి’ అనే అక్షరంలో తలమీద గుడి, నడుమ టకారం, అడుగున ఒత్తు ఉన్నాయి. పలుకులో ముందు వెనకలుగా వచ్చే ధ్వనులు రాతలో పైకీ కిందికీ పేరుకున్నాయి. ఎడమనుంచి కుడికి పాకే రంగు ఈ నిలువు అమరికకు కాలాన్ని చూపలేదు. రోమన్ లిపిలో అక్షరాల వరుసా ధ్వనుల వరుసా ఒకే దిక్కుకు సాగుతాయి కనుక అక్కడ ఈ చిక్కు తలెత్తలేదు.

కంప్యూటర్ కూడా చాలాకాలం సహకరించలేదు. యూనికోడ్‌లో ‘ట్టి’ నాలుగు సంకేతాల కూర్పు: ట, పొల్లు, ట, గుడి. ఇటువంటి సంయుక్తాక్షరాన్ని విడదీయరాని ఒకే అక్షరంగా లెక్కించే నియమం 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 వరకు ప్రమాణంలోనే లేదు. ఆ ప్రమాణం ప్రకారం అక్షరాలను విడగొట్టే ఉపకరణం ‘చిట్టి’ని ‘చి’, ‘ట్’, ‘టి’ అని మూడుగా చూసేది. అందుకే చాలా వీడియోలలో అక్షరం జోలికి పోకుండా మాట మొత్తానికో, పంక్తి మొత్తానికో ఒకేసారి రంగు వేయడం కనబడుతుంది. తయారీదారుకు అది సుఖం. పిల్లవాడికి మాత్రం పంక్తి ఒక బొమ్మగా మారుతుంది. పాట కంఠస్థమైన తరువాత ఆ బొమ్మ కనబడగానే పాడతాడు. చూసేవారికి చదువుతున్నట్లే ఉంటుంది. శబ్దం ఆపి, అదే మాటను మరొక పంక్తిలో చూపితే తేలిపోతుంది, చదివింది ఎంతో, గుర్తుపట్టింది ఎంతో.

ఇంతకూ ఈ చిక్కుకు పరిష్కారం మన ఛందశ్శాస్త్రమే చెప్పింది. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువు అని నిర్ణయించడం ద్వారా, రాతలో అవతలి అక్షరానికి పోయిన ధ్వని కాలాన్ని ఇవతలి అక్షరానికి జమ కట్టింది. రాతకూ పలుకుకూ మధ్య ఉన్న ఎడాన్ని పూడ్చే సూత్రమిది. బంతి ‘అమ్మ’లోని ‘అ’ మీద రెండు మాత్రలు నిలిచి, ‘మ్మ’ మీద ఒక మాత్ర ఉంటే చాలు. అక్షరాన్ని ముక్కలు చేయనక్కరలేదు, ఒత్తును విడదీయనక్కరలేదు. పదవ తరగతిలో మార్కుల కోసం నేర్చి మరచిపోయే U, I గుర్తులు ఈ బంతికి కావలసిన కాలపట్టికే. గణవిభజనకు ఇంత సరళమైన, ఇంత ప్రత్యక్షమైన ప్రయోజనం మరొకటి చూపడం కష్టం.

‘పడు’ అని రాసి ‘పాడు’ అని పాడితే

డబ్బింగ్ పాట తెలుగులో పాత విద్య. 1950లో వచ్చిన ‘ఆహుతి’కి శ్రీశ్రీ రచన చేసిన నాటినుంచి పెదవుల కదలికకు మాట కూర్చడం కవికి వృత్తిధర్మాలలో ఒకటైంది. యానిమేషన్ పాటలో పెదవుల నిర్బంధం మనుషుల చిత్రాలలోకంటె కొంత సడలుతుంది. బాణీ నిర్బంధం మాత్రం సడలదు. బాణీ ఆంగ్లపదాల కొలతకు కట్టినది. ఆంగ్ల పంక్తి తరచు ఊనికగల ఏకాక్షర పదంతో ముగుస్తుంది, ఆ చివరి స్వరం దీర్ఘంగా సాగుతుంది. తెలుగుమాట సాధారణంగా ఊనిక లేని హ్రస్వాచ్చుతో ముగుస్తుంది. ఈ రెంటికీ సహజంగా పొసగదు.

తెలుగులో అచ్చు పొడవు కేవలం ఉచ్చారణ భేదం కాదు, అర్థభేదం. ‘మెడ’ వేరు, ‘మేడ’ వేరు. ‘పడు’ వేరు, ‘పాడు’ వేరు. మాట నడుమ హ్రస్వం మీద దీర్ఘస్వరం పడితే మరొక మాట పుడుతుంది. మాట చివర పడితే వ్యాకరణమే మారుతుంది. ‘పాట’ అన్నది ‘పాటా’ అయితే ప్రశ్న అవుతుంది, లేదా ‘పాటా మాటా’ అన్నట్లు జంటకోసం ఎదురుచూస్తుంది. పెద్దలు సందర్భాన్నిబట్టి సరిదిద్దుకుంటారు. అక్షరాలు నేర్చే పిల్లవాడికి తెరమీద ‘ట’ కనబడుతుంది, చెవికి ‘టా’ వినబడుతుంది. తలకట్టుకూ దీర్ఘానికీ భేదం నేర్పడానికి ఉపాధ్యాయుడు నెలలు వెచ్చిస్తాడు. పాట ఆ భేదాన్ని మూడు నిమిషాలలో చెరిపివేస్తుంది.

దీనికి ఒక ఆక్షేపణ రావచ్చు. జానపదగేయాలలోనూ, జోలపాటలలోనూ హ్రస్వాలను సాగదీసి పాడటం లేదా? పద్యనాటకంలో రాగం తీయలేదా? నిజమే. రంగస్థలం మీద రాగాలాపన మితిమీరి పద్యం మునిగిపోతోందన్న విమర్శ ఆనాడే ఉంది. కాని రెండు భేదాలను గమనించాలి. పద్యగాయకుడు రాగాన్ని ప్రధానంగా పాదాంతంలో, మాట పూర్తయిన తరువాత విస్తరిస్తాడు. మాట ముందు చెవికి అంది, ఆ తరువాతనే స్వరంలో కరుగుతుంది. రెండవది ఇంతకంటె ముఖ్యం. జోలపాట పాడేటప్పుడు ఎదుట అక్షరాలు లేవు. చెవికి మాత్రమే చెందిన పాటకు సాగదీసే స్వేచ్ఛ ఉంది. ‘ఇదిగో, నీవు వింటున్నది ఇదే’ అని అక్షరాన్ని సాక్ష్యంగా నిలబెట్టిన పాటకు ఆ స్వేచ్ఛ లేదు. దోషం సాగదీతలో లేదు. సాగదీసిన స్వరం కింద హ్రస్వాక్షరాన్ని రాసి, రెండూ ఒకటేనని చూపడంలో ఉంది.

డబ్బింగ్ కవులు ఈ ఇబ్బందిని ఎరుగనివారు కారు. పంక్తి చివర సహజదీర్ఘం వచ్చేలా మాటను ఎంచుకోవడం వారు కనిపెట్టిన ఉపాయం. రా, పో, లో, నేనే, ఇదే, కాదా. ఈ ఉపాయం హ్రస్వదీర్ఘాలను కాపాడుతుంది, కాని శైలిని పేదచేస్తుంది. ప్రతి పంక్తికీ ఒక ‘లే’, ఒక ‘నే’ తగిలించిన పాటలో నామవాచకం చివరికి రాలేదు, వాక్యం ఎప్పుడూ పిలుపుగానో నొక్కిచెప్పడంగానో ముగియాలి. అయినా రెండు దోషాలలో ఒకదాన్ని ఎంచుకోవలసి వస్తే వెంటపాటకు ఇదే మేలు. శైలి పలచనైనా అక్షరం అబద్ధం చెప్పదు. విమర్శకులు ‘లే’కారాలను ఎగతాళి చేసేముందు ఈ సంగతిని లెక్కలోకి తీసుకోవాలి.

ఈ పని ఎంత నేర్పుతో కూడినదైనా దానికి దక్కే గుర్తింపు తక్కువ. 2019లో తెలుగులో వచ్చిన ‘ది లయన్ కింగ్’ ప్రచారం నాని, జగపతిబాబు, బ్రహ్మానందం, అలీల కంఠాల చుట్టూ తిరిగింది. అదే ఏడాది నవంబరు 22న విడుదలైన ‘ఫ్రోజెన్ 2’లో ఎల్సాకు నిత్యా మేనన్ గొంతు ఇవ్వడం వార్త అయింది. పాటను తెలుగు చేసినవారి పేరు పిల్లవాడి తల్లిదండ్రులలో ఎంతమందికి తెలుసు? పేరు తెలియని కవి పాఠాన్ని ఎవరూ అడగరు. అధికారిక పాఠం అందుబాటులో లేనిచోట విన్నవారు విన్నట్లు రాసుకున్న పాఠాలే చలామణి అవుతాయి. అప్పుడు ‘ళ’ ‘ల’ అవుతుంది, ‘ణ’ ‘న’ అవుతుంది, దీర్ఘం రావలసినచోట హ్రస్వం వస్తుంది.

మంచు అనే మాట

‘ఫ్రోజెన్ 2’ను ఈ ప్రాంతంలో చూసే పిల్లవాడికి మరొక రకమైన ఎడం ఎదురవుతుంది. ఆ చిత్రలోకమంతా మంచు. తెలుగులో ఆ ఒక్క మాటే ఆకాశంనుంచి రాలే హిమానికీ, పుష్యమాసపు తెల్లవారుజామున బాపట్ల, రేపల్లె వైపు పొలాలను కప్పే పొగమంచుకూ, గడ్డిపరక మీది బిందువుకూ చెల్లుతుంది. కోతలైన చేలలో కుప్పల మీద కురిసే మంచు డెల్టా పిల్లవాడికి పరిచితం. తెరమీద అదే అక్షరాలు మరో వస్తువును చూపుతాయి. దీన్ని సాంస్కృతిక దాడి అనడం అతిశయోక్తి. మాటకు కొత్త అర్థచ్ఛాయ చేరడం భాషకు నష్టం కాదు. ‘చందమామ’ కథలలోని ఎడారులూ, మహారణ్యాలూ డెల్టాలో లేవు గదా! అయితే కథలో అపరిచితవస్తువును పరిచయం చేసే వాక్యం ఉండేది. పాటలో వాక్యానికి చోటు లేదు, బొమ్మే వివరణ. పొగమంచు, బిందువు రెండూ బొమ్మకెక్కని చోట ‘మంచు’ అనే మాటకు ఒకే అర్థం మిగులుతుంది. ఈ లోటును పూడ్చగలిగినవి ఇక్కడి కాలువలనూ, తాటిముంజలనూ, లంకభూములనూ బొమ్మకట్టిన తెలుగు యానిమేషన్ గీతాలే. జాతీయ పురస్కారం పొందిన ‘కిట్టు’ 2006 నాటి తెలుగు యానిమేషన్ చిత్రం. అంటే ప్రయత్నం జరగక కాదు, అది ఒక వరుసగా కొనసాగలేదు.

ఇంట్లో జరిగే చదువు

2019 నవంబరు 5న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన పాఠశాలల్లో ఆంగ్లమాధ్యమాన్ని ప్రవేశపెడుతూ 81వ నంబరు ఉత్తర్వు ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. ‘ఫ్రోజెన్ 2’ తెలుగులో విడుదలైంది ఆ ఉత్తర్వు వచ్చిన నెలలోనే. ఇది యాదృచ్ఛికమే అయినా పరిస్థితిని చక్కగా పట్టి చూపుతుంది. బడిలో తెలుగు ఒక పీరియడుకు పరిమితమవుతున్న రోజులలో ఇంట్లోని తెర అదే పిల్లవాడితో తెలుగులో పాడుతోంది. ఆ తెరమీది తెలుగు అక్షరం ఎంత నమ్మదగినదో అడగవలసిన అవసరం అందువల్ల పెరిగింది.

పాటకింద అదే భాషలో అక్షరాలు చూపితే చదువు మెరుగుపడుతుందన్న ఆలోచన మన దేశంలో కొత్తది కాదు. అహ్మదాబాద్ ఐ.ఐ.ఎం.కు చెందిన బ్రిజ్ కొఠారి 1996లో దీన్ని ప్రతిపాదించారు. 1999లో గుజరాతీ దూరదర్శన్ సినిమాపాటల కార్యక్రమంలోను, 2002లో హిందీ ‘చిత్రహార్’లోను అది అమలైంది. పాడిన మాట పాడిన క్షణంలోనే రంగు మారడం ఆ పద్ధతికి ప్రాణం. అక్కడి ప్రేక్షకుడు అక్షరాలు కొంత నేర్చి మరచిపోయే స్థితిలో ఉన్న పెద్దవాడు. పదం స్థాయిలో రంగు మారితే అతనికి సరిపోవచ్చు. అక్షరాన్ని మొదటిసారి చూస్తున్న నాలుగేళ్ళ పిల్లవాడికి పదం పెద్ద ప్రమాణం. అతనికి అక్షరమే ప్రమాణం కావాలి, అక్షరానికి మాత్ర ప్రమాణం కావాలి.

ఆ పనికి కొత్త సాంకేతికత ఏమీ అవసరం లేదు. పాటను ముందుగా గురులఘువులుగా విడదీయడం, గురువుకు రెండు ప్రమాణాలూ లఘువుకు ఒకటీ కాలం కేటాయించడం, బాణీవల్ల హ్రస్వం సాగినచోట ఆ అక్షరం మీద బంతిని నిలపకుండా పక్కన ఒక సాగుగీతను చూపి, అది రాగమే గాని దీర్ఘం కాదని తెలియజేయడం. చివరిదానికి మాత్రమే కొంత ఆలోచన కావాలి. సంగీత స్వరలిపిలో దీర్ఘస్వరాన్ని కామాతో చూపే అలవాటు మనకు ఉండనే ఉంది. మిశ్రగతిలోనూ ఖండగతిలోనూ ఉన్న గేయాలకు ఇదే లెక్క ఏ మార్పూ లేకుండా పనిచేస్తుంది. డబ్బింగ్ పాటలలో మాత్రం బాణీ గతి తెలుగు గణాలకు లొంగని చోట్లు మిగులుతాయి, వాటిని పాటపాటకూ విడిగా పరిష్కరించుకోవలసిందే. ఆ పట్టికను తయారుచేయగలవారు యానిమేషన్ స్టూడియోలలో లేరు. తెనాలిలోనో, బాపట్లలోనో డిగ్రీ విద్యార్థులకు ఛందస్సు చెప్పే అధ్యాపకుల వద్ద, వారి విద్యార్థుల నోటుపుస్తకాలలో, ఆ పని సగం జరిగే ఉంది.